మీరడిగారు! — నూటికి అయిదు వెనక్కి

ప్రశ్న: మా హీరో కొత్త సినిమా వస్తోంది. మా బ్యాచికి మార్కాపురంలో నలభై టిక్కెట్లు కావాలి. క్యాష్ బ్యాక్ క్రెడిట్ కార్డు తీసుకుని ఒక్కసారే బుక్ చేస్తే నూటికి అయిదు వెనక్కి వస్తుందట. కుర్రాళ్లు జీతాలొచ్చాక ఇస్తామంటున్నారు. నేను పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంటాను. కార్డు తీసుకోమంటారా?
— ఓ వీరాభిమాని, దొనకొండ

జవాబు: అభిమానిగారూ! మీది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయం ఉన్న ఊరు. విమానాలు దిగడం మానేసినా, కార్డుల ఏజెంట్లు మాత్రం దిగుతున్నారన్నమాట! లెక్కలు రాసే మీకే మేం లెక్క చెప్పాల్సొచ్చింది. సరే, వినండి.

క్రెడిట్ కార్డు మనవాళ్లకి కొత్తేం కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డు ఇచ్చింది. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) కొన్నదాంట్లో కొంత తిరిగిచ్చే పద్ధతికి 1986లో అమెరికాలో డిస్కవర్ కార్డు పేరు తెచ్చింది. ఆ సొమ్మెక్కడిదంటారా? మీరు కార్డు గీసిన ప్రతిసారీ దుకాణం నుంచి బ్యాంకుకి కమిషన్ ముడుతుంది. అందులోంచి మీకో చిటికెడు. పెద్ద లాభం మాత్రం బాకీ మిగిల్చేవాడి దగ్గర!

ఇక మీ కథ. టిక్కెట్టు 200, ఆన్‌లైన్లో అదనంగా 20 అనుకుందాం. నలభైకి 8,800. వెనక్కొచ్చేది 440. అదనంగా పోయేది 800! పనిచేసేది మార్కాపురంలోనేగా, కౌంటర్లో కొనలేరూ?

ఇప్పుడు విలన్ ఎంట్రీ. కుర్రాళ్లు డబ్బివ్వలేదు. బిల్లులో ‘మినిమం డ్యూ’ అని చిన్న అంకె కనిపిస్తుంది. అది కట్టేసి హమ్మయ్య అనుకుంటారు. దాంతో తప్పేది లేటు ఫీజు ఒక్కటే, వడ్డీ కాదు. నెలకి నూటికి మూడున్నర చొప్పున, జీఎస్టీ కలుపుకుని దాదాపు 360 రూపాయలు! అదీ కొన్న రోజు నుంచే. ఆపైన కొన్నవాటికీ వడ్డీలేని గడువు ఉండదు. ఊళ్లో నూటికి రెండు వడ్డీ అంటేనే గుండెలు బాదుకుంటామే! పైగా బాకీ మీ ఒక్కరి పేరు మీదే. సిబిల్ స్కోరు పడిపోతే రేపు ఇంటప్పుకి వెళ్లినప్పుడు ఆ నలభైమందీ మీ వెంట రారు.

అలాగని కార్డే చెడ్డదని కాదు. ఎలాగూ పెట్టే ఇంటి ఖర్చు కోసమైతే తీసుకోండి. మూడు చూసుకోండి. ఒకటి, ఏటా ఫీజు. 500 ఫీజుంటే జీఎస్టీతో 590. నూటికి ఒకటి ఇచ్చే కార్డుమీద అది రాబట్టాలంటేనే 59,000 ఖర్చు పెట్టాలి! రెండు, మీరు కొనేచోట వస్తుందా? చాలా కార్డులు ఆన్‌లైన్లో ఎక్కువా, దుకాణంలో తక్కువా ఇస్తాయి. పెట్రోలు, ఇంటద్దెలాంటివాటికి అసలివ్వనివీ ఉన్నాయి. మూడు, నెలకింతే అని పరిమితి ఉందా?

తీసుకున్నాక ఒకటే సూత్రం: బ్యాంకులో ఉన్నంతే గీకండి. బిల్లు మొత్తం గడువులోగా కట్టండి. ఏటీఎంలో కార్డుతో నగదు తీయకండి. దానికి ఫీజుతోపాటు మొదటి రోజు నుంచే వడ్డీ. అక్కర్లేదనుకుంటే మూసేయమనండి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, లేదంటే రోజుకి 500 మీకే ఇవ్వాలి. ఇది 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన.

మరి టిక్కెట్లో? నలభైమంది దగ్గరా ముందే డబ్బు వసూలు చేయండి. మీ హీరోకి అసలైన అభిమానులెందరో రిలీజుకి ముందే తేలిపోతుంది!