పేగుపూతకు బాక్టీరియా మందు

రక్త విరేచనాలు అనగానే పల్నాడు నుంచి పర్చూరు దాకా మన ఊళ్ళలో వినిపించేవి మూడే మాటలు: వేడి చేసింది, మొలలు, అమీబా. నాలుగో మాట ఒకటుంది. అది పేగుపూత. డాక్టర్లు అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి నెత్తురూ జిగురూ పడుతుంది. దీని తోబుట్టువు క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు. రెంటిలోనూ మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మన పేగు మీద తిరగబడుతుంది. దానికి వంశగుణం కొంత, తిండీ పరిసరాలూ కొంత, పేగులో కాపురముండే కోటానుకోట్ల బాక్టీరియా పొందిక చెడటం కొంత కారణమంటున్నారు.

ఇది పట్నం జబ్బు, కూర్చుని తినేవాళ్ళ జబ్బు అనుకోవటానికి వీల్లేదు. హైదరాబాదు ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులు పొట్ట బాధలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఈ జబ్బు దరిదాపు ఒకే తీరున కనిపించింది.

మా బాబాయి సంగతే చూడండి. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. రెండేళ్ళపాటు మొలల మందు వాడించారు, ఆ తర్వాత అమీబా మాత్రలు కోర్సు మీద కోర్సు మింగించారు. కారం మానెయ్యమన్నారు. మిరప పండించేవాడికి కారం మానటం ఎంత కష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు. కోతల రోజుల్లో చేలో పదిసార్లు చాటు వెతుక్కోవటం అంతకంటే కష్టం. చివరికి కెమెరా గొట్టంతో పేగు పరీక్ష చేస్తేగాని అసలు పేరు తెలియలేదు. ఇప్పుడు మందులతో అదుపులో ఉంది. ఈమధ్యనే ఒక దుకాణదారు ఆ మందులన్నీ అనవసరమనీ, తన దగ్గర ‘మంచి బాక్టీరియా’ పొట్లాలున్నాయనీ, మూడు నెలల్లో జబ్బు వేళ్ళతో సహా పోతుందనీ చెప్పాడట. బాబాయి నన్నడిగాడు, “సైన్సు చదువుతున్నావు గదరా, నిజమేనా?” అని.

నిజం కొంత ఉంది. అందుకే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

జర్మనీలో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే వైద్యుడు 1917లో, తోటి సైనికులంతా విరేచనాలతో పడిపోయినా తాను పడిపోని ఒక సైనికుడి మలం నుంచి ఒక ఈ.కోలై రకాన్ని వేరుచేశాడు. 2004లో ప్రచురించిన పరీక్షలో, 327 మంది పేగుపూత రోగుల్లో, జబ్బు తిరగబెట్టకుండా చూడటంలో ఆ రకం మామూలుగా వాడే మెసలమిన్ మాత్రలకు తీసిపోలేదు. ఒక్క రకం, దాని పేరు, దాని మోతాదు తెలిసి చేసిన పని అది. పొట్లం మీద ‘మంచి బాక్టీరియా’ అని అచ్చువేసినంత మాత్రాన అది ఇదవుతుందా?

ఇకపోతే రెండో దారి, ఆరోగ్యవంతుడి మలాన్ని శుద్ధిచేసి రోగి పేగులోకి ఎక్కించటం. హాస్టల్లో ఈ మాట చెబితే భోజనాల బల్ల దగ్గర నన్ను లేవగొట్టినంత పనిచేశారు. నవ్వేవాళ్ళు నవ్వండి గాని వినండి. క్లాస్ట్రిడియం డిఫిసైల్ అనే మొండి బాక్టీరియా వల్ల పదేపదే వచ్చే విరేచనాలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుందని 2013లోనే తేలింది. అమెరికా ప్రభుత్వం 2022, 2023లలో ఇలాంటి మందులు రెంటికి అనుమతిచ్చింది, అయితే ఆ ఒక్క జబ్బుకే. పేగుపూత విషయంలో కథ అంత తేలిగ్గా లేదు. 2015లో కెనడాలో 75 మంది మీద చేసిన పరీక్షలో ఈ చికిత్స అందినవారిలో 24 శాతానికి జబ్బు అణిగితే, ఉత్తనీళ్ళు ఎక్కించినవారిలో 5 శాతానికి అణిగింది. బాగుపడ్డ తొమ్మిదిమందిలో ఏడుగురికి ఒకే దాతది ఎక్కించారు! విత్తనం లాటును బట్టి పంట అని మన రైతు అనేది అక్షరాలా ఇదే. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో చేసిన మరో పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మనకు దగ్గరి సంగతి ఢిల్లీ ఎయిమ్స్‌ది. 2022లో వెలువడిన ఆ పరీక్షలో 66 మంది రోగులు. కొందరికి పల్లెటూరి దాతల మలం వారం వారం ఎక్కించి, దానితోపాటు ప్రత్యేకమైన తిండి పెట్టారు. వాళ్ళలో 60 శాతం మందికి జబ్బు అణిగింది. మామూలు చికిత్సలో ఉన్నవారిలో 32 శాతమే. తిండి ఎంత పనిచేసిందో, బాక్టీరియా ఎంత పనిచేసిందో ఇందులో విడదీసి చెప్పలేం. కాని దాతల్ని పల్లెల నుంచి ఎంచుకున్నారన్న మాట నాకు భలే నచ్చింది. మోటువాళ్ళని మనల్ని ఎగతాళి చేసే పట్నవాసపు మిత్రులు దీన్ని కాస్త గమనించాలి.

ప్రమాదం లేదా అంటే ఉంది. 2019లో అమెరికాలో సరిగా పరీక్షించని దాత మలం నుంచి మందులకు లొంగని ఈ.కోలై సోకి, రోగనిరోధక శక్తి తగ్గిన ఒక రోగి చనిపోయాడు. ఇంట్లో మిక్సీలో చేసుకునే వైద్యం కాదిది. దుకాణంలో అమ్మే వైద్యం అంతకన్నా కాదు.

బాక్టీరియాను నమ్మటం మన రైతుకు కొత్తకాదు. పత్తిలో బీటీ అంటే ఒక మట్టి బాక్టీరియా జన్యువే. 2002లో అనుమతి వచ్చింది, శనగపచ్చ పురుగు తగ్గింది, తర్వాత గులాబీ పురుగు దానికి అలవాటుపడింది. ‘బయో’ అని రాసి ఏదో ఒకటి అంటగట్టే సీసాలనూ మన మిరప చేలు చూశాయి. నాలుగు చోట్ల అడగందే విత్తనం కొనని మనిషి, కడుపులోకి పోయే పొట్లానికి మాత్రం ప్రశ్న వెయ్యకుండా డబ్బు తీస్తాడు. అడగవలసినవి కష్టమైనవేం కాదు. ఇది ఏ రకం? ఎంతమంది మీద చూశారు? దేనితో పోల్చి చూశారు? బాబాయికి ఈ మూడూ కాగితం మీద రాసిచ్చాను. ఉన్న మందులు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపవద్దని కింద గీతగీసి మరీ రాశాను.

నా అభ్యర్థన మన ప్రభుత్వ వైద్య కళాశాలలకు. ఈ పరీక్షలు మన దగ్గరా జరగాలి. మన తిండి వేరు, మన నీళ్ళు వేరు, కాబట్టి మన పేగుల్లోని బాక్టీరియా కూడా కొంత వేరేనని అనుకోవాలి. కెనడా లెక్కతో గుంటూరు రోగికి మందు నిర్ణయించటం సబబు కాదు. దాత ఎవరు, ఏ కులం అని అడిగేవాళ్ళు తప్పకుండా బయలుదేరతారు. రక్తదానం దగ్గర ఆ మాట చెల్లలేదు, ఇక్కడా చెల్లకూడదు. దాతలు కావాలంటే మా హాస్టల్ ఉండనే ఉంది. కాకపోతే ఈమధ్య యాంటీబయాటిక్ మింగినవాళ్ళు దాతలుగా పనికిరారట. పరీక్షల ముందు ప్రతి జలుబుకూ మావాళ్ళు మింగిన మాత్రలు లెక్కవేస్తే ఎందరు మిగులుతారో చెప్పలేను.