యాప్‌ల దుకాణానికి కాపలా కావాలి, కానీ తాళం ఒక్కరి చేతిలోనేనా?

గత నెల మా సంఘం కార్యవర్గ సమావేశంలో మూడో అంశం ఒక యాప్. మా సభ్యుల్లో ఒకరి అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు బరంపురం వచ్చినప్పుడు పైసా తీసుకోకుండా సంఘానికి ఒక చిన్న యాప్ తయారు చేశాడు. అందులో పండుగల తేదీలు, సంఘం కార్యక్రమాలు, సభ్యుల ఫోన్ నంబర్లు, బడిలో తెలుగు దొరకని మన పిల్లలకు ఓనమాల నుంచి గుణింతాల దాకా పాఠాలు ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. దీన్ని జనం ఫోన్లలోకి ఎలా చేర్చాలి?

"వాట్సాప్ గ్రూపులో ఫైలు పెట్టేస్తాను మావయ్యా, నొక్కితే ఎక్కిపోతుంది" అన్నాడు అబ్బాయి.

మా కోశాధికారి గారు వెంటనే అడ్డుపడ్డారు. "వద్దు బాబూ. పోయిన శ్రావణంలో నాకు పెళ్ళి శుభలేఖ అంటూ అలాంటి ఫైలే వచ్చింది. ఎవరి పెళ్ళో చూద్దామని నొక్కాను. తెల్లారేసరికి ఖాతాలో అరవై రెండు వేలు లేవు."

ఆ మాటతో ఎవరూ నోరెత్తలేదు. అంశం వాయిదా పడింది. వివరాలు సేకరించి చెప్పే పని కార్యదర్శిగా నాకు వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా ఫైళ్ళు తిరగేసిన అలవాటు ఊరికే పోదు కదా. చదివాను, అడిగాను. మన ఇతర సంఘాలకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

రెండు పద్ధతులు

ఐఫోన్‌లో యాప్ కావాలంటే మన దేశంలో ఆపిల్ వారి యాప్ స్టోర్ ఒక్కటే దారి. 2008 జులైలో 500 యాప్‌లతో ఆ దుకాణం తెరిచారు. వారు పరిశీలించి సరేనన్న యాప్ మాత్రమే లోపలికి వస్తుంది. ఇది మూసిన పద్ధతి.

ఆండ్రాయిడ్ సంగతి వేరు. మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఇవే. వీటిలో గూగుల్ ప్లే స్టోర్ ముందే ఉంటుంది. సామ్‌సంగ్, షావోమీ లాంటి కంపెనీల సొంత దుకాణాలూ ఉంటాయి. ఏ దుకాణంతోనూ పని లేకుండా 'ఏపీకే' అనే ఫైలును నేరుగా ఎక్కించుకునే వీలు కూడా ఉంది. ఇది తెరిచిన పద్ధతి. అయితే బజారులో పది కొట్లున్నా బేరమంతా బస్టాండు ఎదుటి కొట్టుకే అన్నట్టు, జనం దాదాపు అందరూ వెళ్ళేది ప్లే స్టోర్‌కే.

ఉచితంగా ఇచ్చే యాప్‌ మీద కమిషన్ లేదు. యాప్‌లో చందాలు, ఆటలు, పాఠాలు లాంటి డిజిటల్ సరుకు అమ్మితే మాత్రం ఈ రెండు కంపెనీలూ చాలా కాలం 30 శాతం తీసుకున్నాయి. 2021 నుంచి చిన్న వ్యాపారాలకు 15 శాతం చేశాయి. ఇన్నేళ్ళ కోర్టు వ్యాజ్యాలకు మూలం ఇదే.

ఒక్కటే తలుపు ఉంటే

2020 సెప్టెంబరు 18న పేటీఎం యాప్ ప్లే స్టోర్ నుంచి మాయమైంది. జూదం నిబంధనలకు విరుద్ధంగా ఉందని గూగుల్ చెప్పింది. కొన్ని గంటల్లోనే తిరిగి వచ్చింది కానీ, అంత పెద్ద కంపెనీ యాప్‌నే ఒక్క పూటలో తీసేయవచ్చని అందరికీ తెలిసింది.

2024 మార్చి 1న ఇంకా పెద్ద గొడవ జరిగింది. ఫీజు కట్టడం లేదని గూగుల్ కొన్ని భారతీయ కంపెనీల యాప్‌లను తొలగించింది. వాటిలో భారత్ మ్యాట్రిమోనీ, షాదీ, నౌకరీ ఉన్నాయి. మన ఇళ్ళల్లో సంబంధాలు వెతికేదీ, పిల్లలు ఉద్యోగాలు వెతికేదీ వీటిలోనే. ఫోన్‌లో ముందే ఉన్నవారికి యాప్ పనిచేసింది. కొత్తగా కావాలన్నవారికి దొరకలేదు. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కల్పించుకుని మాట్లాడాక కొద్ది రోజుల్లోనే తిరిగి పెట్టారు.

పెద్ద కంపెనీల కోసం మంత్రి గారు మాట్లాడారు, మంచిదే. రేపు మన అక్షరాల యాప్‌ను ఏదో నిబంధన కింద తీసేస్తే ఎవరు మాట్లాడతారు?

పోనీ, కాపలా అంత గట్టిగా ఉందా? 2020 డిసెంబరులో అప్పుల యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారి కేసుల్లో హైదరాబాద్ పోలీసులు అరెస్టులు చేయడం మనకు గుర్తుంది. 2022 సెప్టెంబరు, 2023 ఆగస్టు మధ్య ప్లే స్టోర్ నుంచి 2,200కు పైగా రుణ యాప్‌లను తొలగించినట్టు కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. తొలగించారంటే, అంతవరకు అవి కాపలా ఉన్న దుకాణంలోనే అమ్మకానికి ఉన్నట్టే కదా.

తలుపే లేకపోతే

అలాగని తెరిచి వదిలేద్దామా అంటే మా కోశాధికారి గారి అనుభవం ఉండనే ఉంది. శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ డబ్బు, బ్యాంకు కేవైసీ, ఇలా ఏ పేరుతోనైనా ఆ ఫైలు రావచ్చు. తెలిసినవారి నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే ముందు వారి ఫోనే దొంగల చేతికి చిక్కి ఉంటుంది. ఎక్కించుకోగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. మనం 'సరే' నొక్కితే బ్యాంకు పంపే ఓటీపీ మనకన్నా ముందు దొంగకు చేరుతుంది.

దీన్ని అడ్డుకోవడానికని గూగుల్ 2024 చివర్లో మన దేశంలో ఒక ఏర్పాటును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. బయటి నుంచి వచ్చిన ఫైలు ఇలాంటి ప్రమాదకర అనుమతులు అడిగేదైతే ఎక్కకుండా ఆపేస్తుంది. 2025 ఆగస్టులో ఇంకో అడుగు వేసింది. యాప్ తయారుచేసినవారు తమ గుర్తింపును గూగుల్ దగ్గర నమోదు చేసుకోవాలి, లేకపోతే దుకాణం బయటి నుంచి కూడా ఆ యాప్ ఎక్కదు అని ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామంది. 2010 నుంచి స్వచ్ఛందంగా నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల దుకాణం వారు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ తర్వాత విద్యార్థులకు, తెలిసి ఎక్కించుకునేవారికి వేరే దారి ఉంచుతామని గూగుల్ చెప్పింది.

దొంగను పట్టుకోవడానికి పేరు రాయించుకోవడం తప్పని నేను అనను. కానీ ఆ రిజిస్టరు దుకాణదారు దగ్గరే ఉండాలా అన్నది వేరే ప్రశ్న.

కోర్టులు ఏమన్నాయి

మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు రెండు జరిమానాలు వేసింది. ఆండ్రాయిడ్ విషయంలో 1,337.76 కోట్లు, ప్లే స్టోర్ చెల్లింపుల విషయంలో 936.44 కోట్లు. అప్పీలు ట్రిబ్యునల్ 2023 మార్చిలో మొదటి జరిమానాను నిలబెట్టింది కానీ కొన్ని ఆదేశాలను కొట్టేసింది. రెండో దాన్ని 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించింది.

జరిమానాల అంకెలు పత్రికల్లో పెద్దక్షరాలతో వచ్చాయి. మనకు అసలు ముఖ్యమైనది, కొట్టేసిన ఆదేశాల్లో ఒకటి. ఇతర యాప్ దుకాణాలను కూడా ప్లే స్టోర్‌లో దొరకనివ్వాలి అన్నది అది.

ఎందుకు ముఖ్యమో చెబుతాను. 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే వారు ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చారు. ఇంగ్లీషుతో పాటు తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో ఉంటుంది. తెలుగు తప్ప మరో అక్షరం చదవలేని మా పెద్దవాళ్ళకు ఇది ఎంతో మేలు. కానీ ప్లే స్టోర్‌లో ఇతర దుకాణాలకు చోటు లేదు. ఫోన్‌తో పాటు రాకపోతే దీన్నీ ఏపీకే ఫైలుగానే దించుకోవాలి. అంటే మంచి దుకాణానికి వెళ్ళాలన్నా దొంగ శుభలేఖ వచ్చిన దారినే వెళ్ళాలి. ఫోన్ రెండింటికీ ఒకే రకం హెచ్చరిక చూపిస్తుంది. భయపడిన పెద్దాయన రెండింటినీ వదిలేస్తాడు, భయం లేని కుర్రాడు రెండింటినీ ఎక్కించుకుంటాడు. ఇలాగైతే పోటీ పెరగదు, భద్రతా పెరగదు.

ఐరోపా సంఘం 2024 మార్చి నుంచి ఐఫోన్‌లో కూడా ఇతర దుకాణాలకు చట్టం ద్వారా తలుపు తీయించింది. 2025 డిసెంబరులో జపాన్ కూడా అదే చేసింది. అమెరికాలో ఎపిక్ గేమ్స్ వేసిన దావాలో జ్యూరీ 2023 డిసెంబరులో గూగుల్‌ది గుత్తాధిపత్యమని తేల్చింది, 2025 జులైలో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. మన దగ్గర డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటికి వచ్చింది. అది చర్చకు వచ్చినప్పుడు భాషా అల్పసంఖ్యాకుల మాట కూడా వినబడాలి.

కౌంటర్ వెనక కూర్చున్నవాడి మాట

నేను కౌంటర్ వెనక కూర్చుని పనిచేసినవాణ్ణి. దరఖాస్తు తిప్పి పంపితే కారణం రాయాలి, సంతకం పెట్టాలి, తేదీ వేయాలి. ఆ కారణం నచ్చకపోతే దరఖాస్తుదారు పై అధికారికి అప్పీలు చేసుకుంటాడు. ఇందులో మా దయ ఏమీ లేదు, అది రూలు. ఇప్పుడు ఊహించండి. దరఖాస్తు తీసుకునేదీ, తిరస్కరించేదీ, అప్పీలు వినేదీ ఒక్కరే. పైగా పక్క గదిలో అదే సరుకు అమ్ముకునేదీ ఆయనే. యాప్ దుకాణంలో నేడు జరుగుతున్నది దాదాపు ఇదే.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన కష్టాన్ని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి రాసుకోవచ్చు. దానితో ఎన్ని పనులయ్యాయో మన సంఘాలకు తెలుసు. అయినా హక్కు అంటూ ఒకటుంది. యాప్ దుకాణం దగ్గర మనకు అదీ లేదు.

అందుకే తలుపు మూయాలా తెరవాలా అని వాదించుకోవడం కన్నా మూడు అడగాలి. కాపలా ఉండనివ్వండి, కానీ తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. అప్పీలు వినేది దుకాణదారు కాకుండా బయటివారై ఉండాలి. తనిఖీ అయిన ఇతర దుకాణాలకు దొంగ ఫైళ్ళతో కలపకుండా వేరే గౌరవమైన దారి ఉండాలి.

మేం ఏం చేయబోతున్నాం

వచ్చే సమావేశంలో నేను పెట్టే ప్రతిపాదన ఇది. వాట్సాప్‌లో ఫైలు పంపొద్దు. మన ఫైలు మంచిదే, కానీ సంఘం పేరు చూసి నొక్కడం ఒకసారి అలవాటైతే, రేపు ఎవరైనా అదే పేరుతో దొంగ ఫైలు పంపుతారు. యాప్‌ను ప్లే స్టోర్‌లో పెడదాం. నమోదు రుసుము ఒకేసారి 25 డాలర్లు. వ్యక్తి పేరుతో కొత్త ఖాతా తెరిస్తే కనీసం 12 మంది 14 రోజుల పాటు వాడి చూడాలి. మన కార్యవర్గంలోనే 15 మంది ఉన్నాం. ఒక్క తలుపునే నమ్ముకోకుండా ఇండస్‌లో కూడా పెడదాం. ఖాతా వివరాలు, యాప్ అసలు ప్రతి సంఘం బీరువాలో ఉండాలి. అబ్బాయి రేపు అమెరికా వెళ్ళినా యాప్ మనతో ఉంటుంది. సభ్యుల ఫోన్ నంబర్లు మాత్రం యాప్‌లోంచి తీసేద్దాం. బహిరంగంగా పెట్టే దానిలో ఇంటివాళ్ళ నంబర్లు ఉండకూడదు.

బళ్ళారి, హోసూరు, షోలాపూర్, యానాం మిత్రులు ఇప్పటికే ఇలాంటి పని చేసి ఉంటే మాకు దారి చెప్పండి. చేయకపోతే పాఠాల భాగం అందరం కలిసి ఒక్కటే చేసుకుందాం. గుణింతం ఏ రాష్ట్రంలోనైనా ఒకటే కదా.

చివరిగా ఒక మాట. శుభలేఖ అయినా, చలానా అయినా, ఏపీకే ఫైలుగా వస్తే నొక్కకండి. పంపినవారికి ఫోన్ చేసి అడగండి. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. మా కోశాధికారి గారు మూడు రోజులు ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ మూడు రోజులే ఆయనకు ఎక్కువ నష్టం చేశాయి.