లండన్‌ని అడిగే ముందు

ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మెట్రో ఎక్కితే తొమ్మిదో స్టేషను సుప్రీంకోర్టు. ఇదివరకు ప్రగతి మైదాన్ అని పిలిచిన స్టేషను అదే. రైలు మారే పని లేదు. అక్కడ దిగితే భైరోన్ మార్గ్‌లో జాతీయ హస్తకళల మ్యూజియం, ఆ దగ్గర్లోనే పురానా ఖిలా. దొంగల దగ్గర పట్టుబడిన శిల్పాల కోసం, విదేశాల నుంచి తిరిగొచ్చిన వాటి కోసం భారత పురావస్తు శాఖ ఆ ఖిలాలో 2019లో ఒక గ్యాలరీ తెరిచింది. ఇంకాస్త ముందుకు పోతే జన్‌పథ్‌లో నేషనల్ మ్యూజియం. నాగార్జునకొండ శిల్పాలు కొన్ని అక్కడున్నాయి. వైశాలి, వసుంధర, ఇందిరాపురంలో కాపురముంటున్న తెలుగువాళ్ళం ఏళ్ళ తరబడి వీటికి గంట దూరంలోనే బతుకుతున్నాం. ఊరి నుంచి చుట్టాలొస్తే ఎర్రకోట, కుతుబ్ మినార్, అక్షర్‌ధామ్ చూపిస్తాం, ఆగ్రా తీసుకెళ్తాం. నాగార్జునకొండ శిల్పాల ముందు పిల్లల్ని నిలబెట్టి, ఇవి కృష్ణ ఒడ్డు నుంచి వచ్చాయని చెప్పినవాళ్ళం మనలో ఎంతమందిమి?

కళ్ళెదుట ఉన్న పెద్ద మ్యూజియం విషయంలోనే మన తీరు ఇది. ఇక సొంత జిల్లాల్లోని చిన్న మ్యూజియాలకు ఏం చేశామని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఏమీ లేదు. వారసత్వం గురించి సభల్లో గట్టిగా మాట్లాడాం. దాన్ని చూసుకునే పని ఇంకెవరిదో అనుకున్నాం. ఈ తప్పు ఏ ఒక్కరిదో కాదు గనక అందరి తరఫునా ఒప్పుకోవాలి.

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గుర్తించారు. 1970లలో తవ్వకాలు జరిగాయి. దొరికిన శిల్పాలను అక్కడే, చిన్న మ్యూజియంలో ఉంచారు. ఈ శతాబ్దం మొదట్లో దొంగలు పడ్డారు. బుద్ధుణ్ణి కొలిచే భక్తులను చెక్కిన సున్నపురాతి ఫలకం ఒకటి అక్కడి నుంచి మాయమైంది. అది న్యూయార్క్ వ్యాపారి చేతికి చేరింది. 2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని దాదాపు 6 లక్షల డాలర్లకు కొన్నది. తర్వాత సంగతి బయటపడింది, 2016లో ఆస్ట్రేలియా ఆ ఫలకాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చేసింది.

ఆ వార్త వచ్చిన రోజున మనం వాట్సాప్ గ్రూపుల్లో పంచుకుని సంబరపడ్డాం. అది పోయిన రోజున మాత్రం మనలో చలనం లేదు. ఆ మ్యూజియానికి రాత్రి కాపలా ఉందా, తాళాలు సరిగా ఉన్నాయా, మిగిలిన శిల్పాల సంగతేమిటని అడగలేదు. తిరిగొచ్చిన ఫలకం ఎక్కడ ఉండాలి, చందవరం ప్రజలు దాన్ని మళ్ళీ ఎప్పుడు చూస్తారు అన్న ప్రశ్న కూడా మన నోట రాలేదు. అది చందవరానిదేనని తేల్చింది ఏమిటో తెలుసా? ఆ ఫలకం అక్కడే ఉన్నప్పుడు తీసిన ఫొటో. శ్రద్ధగల మనిషి ఎవరో ఒకరోజు అక్కడికి వెళ్ళి, చూసి, ఫొటో తీసి ఉంచుకోబట్టి ఆ రాయికి చిరునామా మిగిలింది. ఫొటో లేని శిల్పం, రిజిస్టరులోకి ఎక్కని శిల్పం పోతే, అది మనదని కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. చిన్న మ్యూజియానికి మొదటి కాపలా మనుషుల రాకపోకలే. ఆ కాపలా మనం కాయలేదు.

అమరావతి పేరెత్తితే మనకు కోపం వస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా అమరావతి శిల్పాలున్నాయి, చెన్నై మ్యూజియంలో మరెన్నో ఉన్నాయి. ఆ కోపం న్యాయమైనదే. కానీ కథలో మనకు ఇబ్బందిగా ఉండే భాగాన్ని మనం ఎప్పుడూ చెప్పుకోం. 18వ శతాబ్దం చివర అక్కడ కొత్త పట్నం కడుతున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఇళ్ళకూ కట్టడాలకూ రాయి కావాలని స్తూపం ఉన్న దిబ్బను తవ్వారు. ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ 1816లో రెండోసారి వచ్చేసరికి స్తూపంలో చాలా భాగం చెదిరిపోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళను మద్రాసుకు పంపింది ఆ తర్వాతి సంగతి. తెల్లవాడు తీసుకుపోకముందే మన చేతులతో మనం పగలగొట్టుకున్నాం. ఆ అలవాటు పోయిందా అంటే, నేటికీ అమరావతి వెళ్ళినవాళ్ళలో చాలామంది అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, కూతవేటు దూరంలో ఉన్న పురావస్తు మ్యూజియం గడప తొక్కకుండానే తిరిగొస్తున్నారు. లండన్‌లో ఉన్నవాటి కోసం బాధపడతాం, అమరావతిలో మిగిలినవాటి కోసం అరగంట ఆగం.

రాళ్ళ సంగతే కాదు, బొమ్మల సంగతీ ఇంతే. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాల గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండా మశూచితో పోయిన మనిషి ఆయన. అంత కొద్ది కాలంలోనే తెలుగు చిత్రకళకు ఒక బడిని నిలబెట్టారు. ఆయన బొమ్మలు చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. కాగితం మీద, గుడ్డ మీద వేసిన చిత్రానికి గోదావరి గాలిలోని తేమే శత్రువు. వెలుతురు ఎక్కువైతే రంగు వెలిసిపోతుంది, తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. నిపుణుడు ఏడాదికోసారైనా చూడాలి, గదిలో తేమ కొలవాలి, బొమ్మలను కొన్నాళ్ళు చీకట్లో విశ్రాంతిగా ఉంచాలి. కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియంలోని తాటాకు గ్రంథాలకూ ఇటువంటి సేవే కావాలి. జయంతి రామయ్య పంతులు 1911లో మొదలుపెట్టిన పరిషత్తు అది. వీటిలో ఏదీ కోట్లు అడిగే పని కాదు. ఓపిక అడిగే పని, క్రమం తప్పకుండా చేయాల్సిన పని. మనం వార్షికోత్సవాలకు, ఫ్లెక్సీలకు, శాలువలకు, భోజనాలకు చందాలు పోగు చేసినంత సులువుగా ఈ పని కోసం ఒక్క పద్దు రాసుకోలేదు.

ఇంతకంటే బరువైన తప్పు ఇంకొకటి ఉంది. అది ఆదివాసీల విషయంలో చేసింది.

మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ అడవుల్లో, మార్లవాయిలో గోండుల మధ్య బతికాడు. అక్కడ బడి పెట్టించాడు, గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాడు. 1987లో ఆయన భార్య ఎలిజబెత్ చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. తన తాత ముఖం చూసుకోవాలంటే మార్లవాయి పిల్లవాడు లండన్ వైపు చూడాలి. మరి మనమేం చేశాం? హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం పెట్టుకున్నాం. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు నుంచి అది దాదాపు 300 కిలోమీటర్లు. అరకులో 1996లో మ్యూజియం కట్టాం. మట్టి బొమ్మలతో థింసా నాట్యం, పెళ్ళి, సంత చూపించాం. పర్యాటకులు బొమ్మల పక్కన ఫొటోలు దిగి వెళ్తారు. ఆ బొమ్మల వెనక ఉన్న మనుషుల్లో ఒకరిని, ఇక్కడ ఏది ఉండాలో ఏది ఉండకూడదో నువ్వే చెప్పమ్మా అని అడిగి, ఆ నిర్ణయం ఆమె చేతిలో పెట్టిన చోట్లు ఎన్ని? నాట్యానికి పిలిచాం, పూటకింత ఇచ్చి పంపాం. తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంచుకున్నాం.

భద్రంగా ఉంటుందని, నలుగురూ చూస్తారని, అక్కడ ఉంటే పాడైపోతుందని లండన్ మనకు చెప్పిన మాటల్నే మనం ఉట్నూరుకు చెప్పాం. అమరావతి గురించి మనం పడే బాధను గోండులు, కోయలు, సవరలు మన గురించి పడవచ్చన్న ఆలోచనే మనకు రాలేదు. 2016లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమురం భీమ్ మ్యూజియం తెరవడం మంచి అడుగు. భీమ్ 1940లో నేలకొరిగిన చోటే అది నిలిచింది. కానీ అటువంటి అడుగులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే.

ఇందుకు భిన్నమైన తీరూ ఉంది. ఆస్ట్రేలియా ఉత్తర పడమటి మూల, కింబర్లీలో వార్మున్ అనే చిన్న ఆదివాసీ ఊరుంది. ఆ ఊరి చిత్రకళా కేంద్రం ఆ ఊరివాళ్ళదే. 2011 మార్చిలో వరదలొచ్చి ఊరు మునిగింది, ఏళ్ళుగా దాచుకున్న చిత్రాలు బురద పాలయ్యాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నిపుణులు వాటిని వేల కిలోమీటర్లు తీసుకెళ్ళి, ఊరిపెద్దలను అడిగి తెలుసుకుంటూ బాగుచేశారు. అయ్యాక వార్మున్‌కే తిరిగి పంపారు. సాయం చేసినవాడికి సొత్తు మీద హక్కు రాదని వాళ్ళు ఆచరించి చూపించారు. ఆ దేశంలోనూ ఆదివాసీలకు జరిగిన అన్యాయం తక్కువేమీ కాదు. అయినా ఈ ఒక్క పాఠం మనం నేర్చుకోదగ్గది.

మన దగ్గర మ్యూజియం అక్కర్లేకుండానే జ్ఞాపకాన్ని మోసిన మనుషులుండేవారు. మార్లవాయికి చెందిన గుస్సాడీ నాట్యకారుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు దగ్గరి కూనవరంలో ఉండే సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ డోలు కొడుతూ రాత్రంతా పాడగలిగిన కోయ కళాకారుడాయన. 2024 జూన్‌లో రామచంద్రయ్య గారు, అక్టోబరులో కనకరాజు గారు వెళ్ళిపోయారు. పురస్కారం ప్రకటించిన రోజున రాజధానిలోని తెలుగువాళ్ళం గర్వపడ్డాం. ఆ తర్వాత వాళ్ళ గొంతులో ఉన్నదంతా రికార్డు చేసి, ఒక ప్రతి వాళ్ళ ఊళ్ళోనే ఉంచాలని మనం ఒక కమిటీ వేసుకోలేదు, ఒక మైకు కొనివ్వలేదు. గుంజాల గోండి లిపిలోని రాతప్రతులు ఆదిలాబాద్ ఇళ్ళలో దొరికి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరిందంటే కొందరు పరిశోధకులు, గుంజాల ఊరి పెద్దలు పడ్డ కష్టం వల్లే. అందులో మన పాత్ర లేదు.

ఇది ప్రభుత్వం పని కదా అంటాం. ప్రభుత్వం పనే, చాలాచోట్ల చేయని పని కూడా. కానీ ప్రభుత్వం కళ్ళముందు ఉన్నది మనం. మన ఎంపీల ఇళ్ళు ఢిల్లీలోనే ఉన్నాయి. రైలు బెర్తు కోసం, బదిలీ కోసం, కాలేజీ సీటు కోసం వాళ్ళ గుమ్మాల ముందు గంటల తరబడి నిలబడ్డాం. మా జిల్లా మ్యూజియంలో క్యురేటర్ పోస్టు ఎందుకు నింపలేదని ఒక్క ఉత్తరం రాయలేదు. మ్యూజియాలకు గ్రాంటు ఇచ్చే పథకం కేంద్ర సాంస్కృతిక శాఖ దగ్గర ఉంది. దరఖాస్తు ఎలా నింపాలో, ఫైలు ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో తెలిసిన ఉద్యోగులు మన కాలనీల్లోనే కొల్లలు. విలేకరులు ఉన్నారు, సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళున్నారు. కాకినాడలోనో చందవరంలోనో ఒంటరిగా కూర్చున్న ఒక ఉద్యోగికి మన తెలివి రోజుకు పది నిమిషాలు అందినా ఆ మ్యూజియం తీరు మారేది. అధికారానికి ఇంత దగ్గరలో ఉండి నోరు మెదపకపోవడం, దూరాన ఉన్నవాళ్ళ నిర్లక్ష్యం కన్నా పెద్ద తప్పు.

కాబట్టి చేయాల్సింది కూడా ఇక్కణ్ణుంచే మొదలుకావాలి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు జిల్లా మ్యూజియానికి ఒక పూట కేటాయించాలి. టికెట్ కొనాలి, సందర్శకుల పుస్తకంలో పేరు రాయాలి. వచ్చినవాళ్ళ లెక్క చూపగలిగితే చిన్న మ్యూజియానికి నిధులు అడగడం సులువు. అనుమతి ఉన్నచోట ప్రతి వస్తువుకూ ఫొటో తీసి, ఆ మ్యూజియానికే ఒక ప్రతి ఇచ్చి రావాలి. గ్రాంటు దరఖాస్తు ఇక్కడ కూర్చుని రాసిపెట్టాలి, ఫైలు వెంట నడవాలి. ఆదివాసీ కేంద్రమైతే ముందు ఆ ఊరిని అడగాలి. వాళ్ళు వద్దన్నది చేయకూడదు. పాటకూ కథకూ పని గంటలకూ తగ్గ డబ్బు ఇవ్వాలి. రికార్డు చేసిందంతా మొదట వాళ్ళ చేతికే చేరాలి.

ఉగాది సభలో సన్మానాల జాబితా చదివే ముందు ఇంకో జాబితా చదువుదాం. ఏ కుటుంబం ఏ మ్యూజియం బాధ్యత తీసుకుందో, పోయిన ఏడాది దానికి ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో పేర్లతో సహా చెప్పుకుందాం. మొదటి ఏడాది ఆ జాబితా చిన్నదిగానే ఉంటుంది, సిగ్గుగానూ ఉంటుంది. ఉండనివ్వండి. లండన్‌ని మన రాళ్ళు అడిగే నైతిక బలం మనకు ఆ జాబితా నుంచే రావాలి.