సముద్రం లేకుంటేనేం, ఏర్లున్నాయి కదా!



ఇంట్లో ఒకరికి సినిమా పాటల పిచ్చి, ఒకరికి క్రికెట్టు పిచ్చి, మనకేమో చీరల పిచ్చి. వీటన్నిటికీ అలవాటు పడిపోయాం. కానీ పదిహేడేళ్ళ ఆడపిల్లకు రైళ్ళ పిచ్చి అంటే మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రైలెక్కి ఊర్లు తిరిగే పిచ్చి కాదండీ. రైలు పోతుంటే నిలబడి చూసి, ఫోటో తీసి, ఆ ఇంజను నంబరు నోటుబుక్కులో రాసుకునే పిచ్చి. మా అక్క కూతురికి అదే పట్టింది. "మగపిల్లోడైతే సరేలే అనుకోవచ్చు, ఆడపిల్లకు పట్టాల కాడ ఏం పని?" అని వాళ్ళ నాయనమ్మ. "ఇంటరు రెండో సంవత్సరంలో ఇదేం పని?" అని వాళ్ళ నాయన. మా అక్క నాకు ఫోన్ చేసి, "నీ మాటైతే వింటాది, నువ్వైనా చెప్పమే" అనింది.

పిల్లను పిలిచి అడిగితే అది చెప్పిన కోరిక ఏమిటో తెలుసా? "చిన్నమ్మా, సముద్రం పక్కన పోయే రైలును ఫోటో తీయాల" అనింది. ఈ సరదా ఉన్నవాళ్ళకు దేశాల తేడా లేదంట. బ్రిటన్‌లో డాలిష్ అనే ఊరుంది. అక్కడ రైలు సముద్రపు గోడను ఆనుకుని పోతుంది, అలలు ఎగిరి పెట్టెల మీద పడతాయి. ఆ ఒక్క ఫోటో కోసం కెమెరాలు పట్టుకుని గంటలకొద్దీ నిలబడేవాళ్ళున్నారు. 2014 ఫిబ్రవరిలో తుఫానుకు ఆ గోడ కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడినాయి. ఆ ఫోటో సెల్లులో చూపించింది. కింద మన్ను లేదు, రాయి లేదు. రెండు పట్టాలు మాత్రం అట్లనే ఊగుతున్నట్టు ఉన్నాయి. నిజం చెప్తున్నా, చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది.

మనది కడప. సముద్రం ఎక్కడుంది? అయినా ఎండిపోయినవో, నిండినవో, మనకు ఏర్లున్నాయి కదా! రైలు వాటి మీద నుంచే పోవాల. పాపాఘ్ని, చెయ్యేరు, పెన్న. అందుకే "సముద్రం సంగతి తర్వాత చూద్దాం, ముందు మన ఏర్ల కాడికి పోదాం, నేనూ వస్తా" అన్నాను. వద్దని చెప్పమంటే తోడు పోతానంటావేమని మా అక్క నన్ను తిట్టింది. నా లెక్క వేరు. వద్దంటే ఈ వయసు పిల్లలు మానరు, చెప్పకుండా పోతారు. చెప్పకుండా పోయిన పిల్ల పట్టాల మీద ఎక్కడ నిలబడిందో మనకెట్లా తెలుస్తుంది? ఒకసారి కూడా పోయి, ఎక్కడ నిలబడొచ్చో ఎక్కడ కూడదో మనమే గీత గీసి రావడం మేలు.

డిసెంబరులో ఒక ఆదివారం నందలూరు పోయినాం. మన ఎండల్లో ఈ పని మార్చి తర్వాత పెట్టుకోకండి. కడప నుంచి నందలూరు నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారిలో ఒంటిమిట్ట. నందలూరు అంటే మనకు సౌమ్యనాథస్వామి గుడి. రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళకేమో ఆవిరి ఇంజన్ల షెడ్డు. మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా వేసిన ఈ దారి 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలతో కలిసింది. బొగ్గు ఇంజన్ల కాలంలో నందలూరు షెడ్డు చాలా పెద్దది. దాన్ని నమ్ముకునే ఊరు బతికింది. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డూ పోయింది, ఊర్లో సందడీ తగ్గింది. దేశం మొత్తం మీద బ్రాడ్‌గేజి దారుల్లో ఆవిరి ఇంజన్లు 1995తో ఆగిపోయాయి. ఉతికి ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడిందని ఆ కాలంలో రైల్వే క్వార్టర్సుల్లో ఆడవాళ్ళు ఎన్ని తిట్లు తిట్టి ఉంటారో! ఇప్పుడు ఆ నుసి ఎగజిమ్మే ఇంజను ఫోటో ఒకటి దొరికితే చాలని వీళ్ళు వెతుకుతారు.

అక్కడ చెయ్యేటి ఒడ్డున, వంతెనకు దూరంగా, పట్టాల హద్దుకు బయట నిలబడినాం. ఎండ మన వీపు మీద పడాలంట, రైలు మొహం మీద వెలుగు ఉండాలంట. అంటే పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు. రైలు కనబడినాక కెమెరా తీస్తే ఏమీ దక్కదు, ముందే చోటు చూసుకుని కాచుకోవాల. గంటన్నర నిలబడితే మూడు రైళ్ళు. ఆ మధ్యలో ఏం చేస్తారో అనుకున్నా. ఏమీ చేయరు. గాలి, ఎండ, దూరంగా గొర్రెల గంటలు. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి గంటన్నర ఊరకే నిలబడటం ఎప్పుడైనా జరుగుతుందా చెప్పండి!

ఇంజను మీద రాసి ఉండే అక్షరాలు కూడా ఆ పిల్లే చెప్పింది. డబ్ల్యూ అంటే వెడల్పు పట్టాలది, ఏ అంటే కరెంటుది, డి అంటే డీజిలుది. తర్వాత పి ఉంటే ప్రయాణికుల బండి, జి ఉంటే గూడ్సు. డబ్ల్యూఏపీ-7 కనబడితే మనుషుల బండి లాగేది, డబ్ల్యూఏజీ-9 అయితే గూడ్సు లాగేది. ఇంతే! ఇన్నేళ్ళు రైలెక్కినా ఎవరూ చెప్పలేదు. మన జిల్లాలో గూడ్సు బండ్లకు కొదవే లేదు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రానికి బొగ్గు.

చెయ్యేరు చూస్తూ ఒక సంగతి గుర్తు చేసుకోకుండా ఉండలేకపోయాను. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి ఊర్లను ఏరు ముంచేసింది కదా! ఎంతమంది పోయారో, ఎన్ని ఇళ్ళు పోయాయో మీకూ తెలుసు. నందలూరు, రాజంపేట మధ్య పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి. డాలిష్ ఫోటోలో వేలాడిన పట్టాలకు, మన దగ్గర వేలాడిన పట్టాలకు తేడా ఏముంది? మన పెద్దలకు ఇంకా పాత గాయం ఒకటుంది. 1902 సెప్టెంబరులో కొండాపురం, ముద్దనూరు మధ్య మంగపట్నం దగ్గర వరదకు వంతెన కూలి, మెయిలు రైలు వాగులో పడింది. 70 మందికి పైగా చనిపోయారు. ఏడాదిలో పది నెలలు ఇసుక కనబడే వాగులే మనవి. అందుకే ఏట్లో దిగి ఫోటో తీద్దామంటే, పైన వాన ఉందా, నీళ్ళు వదిలారా అని కనుక్కోకుండా నేను పిల్లను దిగనీయలేదు.

ఇక అసలు భయం. దీని గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెప్తాను. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఒక్క సెకనులో 28 మీటర్లు ముందుకొస్తుంది. మనం "అమ్మో" అనేలోపల అది మన వాకిలి దాటి పక్క వీధిలో ఉంటుంది. డ్రైవరు చూసి బ్రేకు వేసినా రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. పాత బొగ్గు ఇంజను అయితే అరమైలు దూరం నుంచే చప్పుడు చేసేది. ఈ కరెంటు ఇంజన్లు మెల్లగా, దొంగలాగా వస్తాయి. అంతకంటే మోసం రెండో పట్టా. కడప మీదుగా పోయేది జంట దారి. ఎదురుగా వస్తున్న బండిని ఫోటో తీస్తూ, వీపు వెనక ఇంకో బండి వస్తున్నది చూసుకోరు. ఒక రైలు చప్పుడులో ఇంకో రైలు చప్పుడు కలిసిపోతుంది. ఎన్ని ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందో!

పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. ఇంటి స్విచ్చు కాడ తగిలేది 230. ఆ తీగను చేత్తో ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి పోతేనే లాగేసుకుంటుంది. కాబట్టి నిలిచి ఉన్న వ్యాగను ఎక్కి ఫోటో దిగడం, వంతెన మీద నుంచి సెల్ఫీ కర్ర కిందికి వంచడం, ఇవి సరదా లెక్కలోకి రావు. ఇంకొకటి, పట్టాల హద్దులోకి పోవడమే నేరం. 1989 రైల్వే చట్టం 147వ సెక్షనులో ఆరు నెలల దాకా జైలు, లేదంటే జరిమానా, లేదంటే రెండూ అని రాశారు. "పిల్లలు కదా సార్" అంటే వదిలేస్తారు అనుకోవద్దు.

కాబట్టి మా ఒప్పందం ఏమిటంటే, కంచె ఉంటే కంచెకు బయట, గేటు ఉంటే గేటుకు బయట, ప్లాట్‌ఫారం మీదైతే పసుపు గీతకు వెనక. రోడ్డు వంతెన మీద నుంచి తీస్తే కడ్డీలకు ఇవతల. చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు. ఒకరు కెమెరాలో చూస్తుంటే ఇంకొకరు రెండు వైపులా చూడాల. ఆ చూసే పని నాది. స్టేషన్లో అయితే టిక్కెట్టు తప్పనిసరి. ప్లాట్‌ఫారం టిక్కెట్టు రెండు గంటలకే పనికొస్తుంది, అంతకన్నా ఎక్కువసేపు ఉండేట్టయితే దగ్గరి ఊరికి ప్రయాణం టిక్కెట్టు కొనుక్కోవడం నయం. స్టేషన్ మాస్టరు గారితో ముందే ఒక మాట చెప్పండి. ఒక చోట కానిస్టేబులు వచ్చి, "ఏందమ్మా ఇది?" అని అడిగినాడు. పిల్ల నోటుబుక్కు చూపించింది, నేను టిక్కెట్లు చూపించాను. నవ్వి పోయినాడు. ఒప్పుకోకుంటే కెమెరా మూసి రావాల్సిందే, వాదన పెట్టుకోవద్దు. ఏదైనా ఇబ్బంది వస్తే రైల్వే నంబరు 139.

మగవాళ్ళు రాసే కబుర్లలో ఉండని విషయం ఒకటి చెప్పాల. చిన్న స్టేషన్లలో బాత్‌రూములకు తాళాలే ఎక్కువ. అందుకని మన ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. మన ఎండలో అది చాలా చెడ్డ అలవాటు, కళ్ళు తిరిగి పడిపోతాం. రైలు దిగేముందే పెట్టెలో ఆ పని చూసుకోండి, పెద్ద ఊరి స్టేషను వచ్చేవరకు లెక్క చూసుకుని తిరగండి, నీళ్ళు మాత్రం తాగుతూనే ఉండండి.

తిండికి నేను తీసుకుపోయింది ఎండు జొన్న రొట్టెలు, ఊరిబిండి, చిత్రాన్నం, పెరుగన్నం. ఊరిబిండి పొద్దున రుబ్బింది మధ్యాహ్నానికి చెడకుండా ఉండాలంటే నీళ్ళు తగలకుండా గట్టిగా ఉంచాల. చిత్రాన్నానికి అన్నం బాగా ఆరినాకే నిమ్మకాయ పిండండి, వేడి మీద పిండితే చేదు దిగుతుంది. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా కలపండి. తినే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది.

మధ్యాహ్నం తర్వాత వెనక్కి వచ్చి ఎర్రగుంట్ల వైపు పోయినాం. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోవెలకుంట్ల, బనగానపల్లె మీదుగా నంద్యాలకు పోయే దారి ఉంది చూడండి, అది 2016లో పూర్తయింది. అంతకుముందు కడప నుంచి నంద్యాలకు రైల్లో పోవాలంటే గుత్తి, డోన్ చుట్టు తిరగాల. నంద్యాలలో ఆడపిల్లనిచ్చిన కడప అమ్మలు ఎంతమంది సంతోషించారో! ఈ దారిలోనే పెన్న దాటాల. సాయంత్రం ఎండలో పెన్న ఇసుక బంగారు రంగు. చిన్న రైలు ఒకటి మెల్లగా పోయింది. పిల్ల ఒకే ఒక్క ఫోటో తీసి సెల్లు కిందికి దించింది. "ఇంకోటి తీయవా?" అంటే, "చాలు చిన్నమ్మా, ఇప్పుడు చూస్తా" అనింది.

ఆ ఫోటోల వల్ల ఏం లాభం అని మీరు అడగొచ్చు. నంద్యాల దాటి గాజులపల్లె అవతల నల్లమలలో దొరబావి వంతెన ఉంది. ఎత్తైన స్తంభాల మీద మీటరు గేజి రైలు అడవి పైన తేలిపోతున్నట్టు పోయేదంట. బ్రాడ్‌గేజి వేసినప్పుడు దారి మార్చారు, వంతెనను వదిలేశారు. ఇప్పుడు దాని మీద రైలు ఎట్లుండేదో చూడాలంటే, ఆ రోజుల్లో ఎవరో తీసిన ఫోటోలే దిక్కు. రీలుకు 36 బొమ్మలు, కడిగించడానికి డబ్బులు, ఇంట్లో తిట్లు. అయినా తీసినారు.

ఇక వాళ్ళ నాయనమ్మ అడిగిన ప్రశ్న. ఆడపిల్లకు పట్టాల కాడ ఏం పని అని కదా! మహారాష్ట్రలో సతారా జిల్లా ఆడబిడ్డ సురేఖా యాదవ్ 1980లలోనే రైల్వేలో చేరి, మన దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవరు అయ్యారు. 2025లో రిటైరయ్యారు. అంత దూరం ఎందుకు, నందలూరు దగ్గర నారింజ రంగు కోటు వేసుకుని, భుజం మీద సుత్తి పెట్టుకుని పట్టాలు చూసుకుంటూ పోతున్న గ్యాంగులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. మేము హద్దు బయట నిలబడి ఉంటే, వాళ్ళలో ఒకామె "ఆడనే ఉండండమ్మా, లోపలికి రావద్దండి" అని చెప్పి మరీ పోయింది.

ఇంటికి వచ్చి వాళ్ళ నాయనకు పెన్న ఫోటో చూపిస్తే, ఆయన చాలాసేపు చూసి, "ఇది మన పెన్నేనా?" అన్నాడు. పరీక్షల్లో మార్కులు తగ్గితే నోటుబుక్కు అటక మీదికి అని షరతు పెట్టాడు. నాయనమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఇంజను నంబర్లు చదివి వినిపించమని మాత్రం అడిగింది.

పిల్ల సముద్రం మర్చిపోలేదు లెండి. 2019లో మన ఓబులవారిపల్లె నుంచి వెలిగొండల గుండా నెల్లూరు వైపు వెంకటాచలానికి కొత్త దారి తెరిచారు. అందులో ఆరున్నర కిలోమీటర్లు దాటిన సొరంగం ఉంది. మన కొండల్లోకి దూరిన గూడ్సు అవతల కృష్ణపట్నం రేవుకు పోతుంది. పరీక్షలయినాక ఆ పక్కకు పోదామని మాటిచ్చాను. అది ఎండాకాలం అవుతుందే అని ఇప్పుడు దిగులు!

వచ్చే వారం చింతకాయ తొక్కు ఏడాదంతా నల్లబడకుండా నిలవ ఉంచడం ఎట్లాగో చూద్దాం.