గిట్టుబాటు

“ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు” అన్న మాట చెవిన పడగానే మన మగమహారాజుల చేతిలోకి కాగితమూ పెన్సిలూ ఎక్కణ్ణుంచి వస్తాయో గాని, వచ్చేస్తాయి. ఎన్ని ఊళ్ళు తిరగొచ్చు? ఊరికెంత పడుతుంది? విడివిడిగా టికెట్లు కొంటే ఎంతయ్యేది? మనకెంత మిగిలినట్టు? బెజవాడ హోటల్లో ఫుల్ మీల్స్ టికెట్టు తీసుకుని, పెట్టిన డబ్బు రాబట్టాలని నాలుగో మారు సాంబారు పోయించుకుని, ఆ తరవాత మధ్యాహ్నమంతా సోడా కోసం వెతుక్కునే మనిషే ఈయన. కాకపోతే ఇప్పుడు విమానమెక్కాడు.

విమానాల్లో ఈ ఫుల్ మీల్స్ పద్ధతి కొత్తదేం కాదు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు రెండున్నర లక్షల డాలర్లకు ఒక పాసు పెట్టారు. కొన్నవాళ్ళు బతికినంత కాలం మొదటి తరగతిలో ఎన్నిసార్లయినా తిరగొచ్చు. కంపెనీ వేసుకున్న లెక్క ఒకటి, జరిగింది ఒకటి. మధ్యాహ్నం భోజనానికి ఊరు దాటి వెళ్ళొచ్చిన మహానుభావులు బయల్దేరారు. చికాగో ఆయన ఒకరు పదివేల సార్లకు పైగా ఎక్కాడు. చివరికి 2008లో ఆయన పాసు కంపెనీవారు లాగేసుకుంటే వ్యవహారం కోర్టుకెక్కింది. ఇద్దరూ పెన్సిలు పట్టినవాళ్ళే. ఒకరిది మరొకరికి గిట్టలేదు, అంతే!

మధ్యతరగతి వాళ్ళ చేతికందే పాసు 2009లో వచ్చింది. జెట్‌బ్లూ అనే కంపెనీ 599 డాలర్లకు నెల్లాళ్ళ పాసు పెట్టింది. అప్పటి మారకంలో దాదాపు 29 వేల రూపాయలు. సెప్టెంబరు 8 నుంచి అక్టోబరు 8 దాకా ఆ కంపెనీ విమానంలో సీటు ఖాళీ ఉంటే చాలు, మనది. మూడు రోజుల ముందు చెప్పి రాయించుకోవాలి. వాళ్ళకేదో ధర్మబుద్ధి పుట్టిందనుకోకండి. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవుతో అక్కడి జనం వేసవి ప్రయాణాలు చాలించి పిల్లల్ని బళ్ళకు పంపుకుంటారు. విమానాల్లో సీట్లు మిగిలిపోతాయి. పైగా అది మాంద్యం ఏడాది. అయితేనేం, చెప్పిన గడువు కంటే ముందే పాసులన్నీ అమ్ముడుపోయాయి.

మా బంధువుల్లో ఒక కుర్రాడు ఆ పాసు కొన్నాడు. ఇరవై రెండు ఊళ్ళకు పథకం వేశాడు. ఆ కంపెనీ విమానాలు చాలామటుకు న్యూయార్కు మీదుగానే తిరుగుతాయి గనక, పడమటి ఊరి నుంచి ఇంకో పడమటి ఊరికి పోవాలన్నా కొన్నిచోట్ల తూర్పు కొసకి వచ్చి మళ్ళీ వెళ్ళాలి. పోనీ అని ఊరుకున్నాడా? అలా వెళితే రెండు ఎక్కుళ్ళు లెక్కలోకి వస్తాయని సంబరపడ్డాడు! హోటలు ఖర్చు తప్పుతుందని రాత్రి విమానాలే ఎంచుకున్నాడు. పడమటి తీరంలో రాత్రి పది గంటలకు ఎక్కితే అయిదారు గంటల్లో దింపేస్తారు. గడియారాల తేడా మూడు గంటలు కలిసి న్యూయార్కులో తెల్లారిపోయి ఉంటుంది. ఎప్పుడు పడుకున్నట్టు? తిరిగొచ్చాక ఫోటోలు చూపించాడు. తివాచీలు, కుర్చీలు, గాజు కిటికీలు, కిటికీ అవతల విమానం తోక. “ఇది డెన్వరా, ఆస్టినా?” అంటే కాసేపు ఆలోచించుకున్నాడు. టికెట్టు సగటున ఇరవై డాలర్లు కూడా పడలేదన్న సంగతి మాత్రం తడుముకోకుండా చెప్పాడు.

ఈ కుర్రాణ్ణి ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. పెళ్ళి కాలేదు, ఒంట్లో ఓపికుంది, తిరిగాడు. నా తగాదా ఆ పెన్సిలుతో. ఎందుకంటే ఆ పెన్సిలే రేపు వాళ్ళమ్మ ప్రయాణం మీదకు వస్తుంది.

మన తల్లుల అమెరికా ప్రయాణం ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. కూతురి పురుడనో కోడలి పురుడనో పిలుపొస్తుంది. ఆవకాయ, కందిపొడి, కాయం, పసిపిల్లకి ఉగ్గుగిన్నె అన్నీ తూకం చూసుకుని సర్దుకుంటుంది. అక్కడ ఆర్నెల్లు వండుతుంది, స్నానాలు పోస్తుంది, బట్టలు మడతపెడుతుంది. ఒక శనాదివారాలు కారెక్కించి నయాగరా, ఇంకో శనాదివారాలు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి. ఆ తరవాత ఫోన్లో వినపడే మాట: “అమ్మకి అన్నీ చూపించేశామండీ!”

చూపించేశారట! చూపించడం వేరు, చూడడం వేరు కాదూ? ఏ ఊరు వెళ్ళాలో, ఎన్నాళ్ళుండాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఇంకొకరు నిర్ణయిస్తే అది మన ప్రయాణం ఎలా అవుతుంది? సామాను కూడా అలాగే వెళుతుంది, పైన చీటీ అంటించి.

ఆ 2009లోనే మా పిన్నత్తగారు బోస్టన్‌లో కొడుకు దగ్గరుంది. అరవై దాటింది. ముప్ఫై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైన పంతులమ్మ. మనవలు బడికి పోతున్నారు, పగలంతా ఆవిడకు తీరికే. కొడుకు ప్రేమగానే పాసు కొన్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆఫీసు కంప్యూటరు మీద గళ్ళు గీసి పదిహేడు ఊళ్ళు నింపి ఆవిడ ముందు పెట్టాడు. ఒక్క గడి ఖాళీ లేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, “సాల్ట్ లేక్ ఏదిరా?” అందిట.

“అక్కడేముందమ్మా? ఉప్పునీళ్ళు!”

“ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత పటంలో గుర్తింపించాన్రా. ఉప్పో చప్పో ఒకసారి వెళ్ళి చూడొద్దూ? మిసిసిపీ కూడా లేదు ఇందులో.”

ఆ గళ్ళ కాగితం పక్కన పెట్టి ఆవిడ తన పద్ధతిలో మొదలుపెట్టింది. ఇల్లు నడిపిన ఏ ఆడదానికైనా తెలిసిన పద్ధతే అది. ముందు ఊళ్ళు కాదు, రోజులు. లగ్నం ఖాయమయ్యాకే కదా మేళాన్ని మాట్లాడుకునేది! ఆ ఏడు విజయదశమి సెప్టెంబరు 28న పడింది. 19 నుంచి నవరాత్రులు, కోడలు బొమ్మలకొలువు పెడుతుంది, ఆ పది రోజులూ ఇంట్లోనే ఉండాలి. అంతకుముందు పది రోజులున్నాయి గాని మహాలయ పక్షం. “ఈ రోజుల్లో ప్రయాణాలేమిటి అత్తయ్యా?” అని కోడలు సందేహించింది. “పితృదేవతలు నన్ను టికెట్టు అడగర్లేవే” అని ఈవిడ. దసరా వెళ్ళాక మరో పది రోజులు. అంటే ఒక నెల కాస్తా రెండు ప్రయాణాలయ్యాయి. మొదటిదాంట్లో దక్షిణం, రెండోదాంట్లో పడమర. దేశం అడ్డంగా ఒక్కసారి వెళ్ళి ఒక్కసారే రావాలి. రాత్రి విమానం వద్దు. ఎక్కడైనా రెండు రాత్రులకు తక్కువ పడుకోకూడదు. షుగరు మాత్రలు చేతిసంచీలో. మధ్యమధ్య మూడు రోజులు ఏమీ రాయకుండా వదిలేసింది. మొత్తం తేలింది అయిదు ఊళ్ళు.

“పాసు గిట్టుబాటు కాదమ్మా!” అన్నాడు కొడుకు. నిజంగా బాధపడ్డాడట పాపం.

ఇక్కడే నా వాదనంతా ఉంది. ఆ పాసులో ఉన్న అసలైన సరుకు విమానాల సంఖ్య కాదు. మనసు మార్చుకునే హక్కు. మామూలు టికెట్టు కొన్నవాడు తేదీ మార్చాలంటే దండుగ కట్టుకోవాలి, ఈ పాసుకి మూడు రోజుల ముందు చెబితే సరిపోయేది. ఇంకో రోజు ఉండాలనిపిస్తే ఉండడం, నచ్చకపోతే లేచి రావడం. మన ఆడవాళ్ళకు ప్రయాణాల్లో ఎన్నడూ దొరకని వస్తువు ఏదైనా ఉందంటే అదే కదా! బస్సు దిగిన దగ్గర్నుంచి “పదండి పదండి” అనే మాట వినని తీర్థయాత్ర మీరెప్పుడైనా చేశారా? నేను చెయ్యలేదు. గళ్ళన్నీ నింపేస్తే ఆ హక్కు కాస్తా పోతుంది. డబ్బులిచ్చి కొన్న సరుకుని డబ్బులు మిగుల్చుకోవడం కోసం పారేసుకోవడం ఏం తెలివి?

న్యూ ఆర్లియన్స్‌లో రెండు రోజులనుకుని వెళ్ళింది మా పిన్నత్తగారు. కొడుకు స్నేహితుడి కుటుంబం దగ్గర దిగింది. నది చూసింది. పటంలో నీలంగీత, ఎదురుగా మట్టిరంగు, అచ్చం వరదల్లో కృష్ణ. అప్పటికి కత్రినా తుపాను వచ్చి నాలుగేళ్ళు. కరకట్టలు తెగి ఊరు మునిగిన 2005 ఆగస్టు గుర్తులు గోడల మీద ఇంకా ఉన్నాయి. పాడుపడిన ఇళ్ళున్న ఒక వీధిలో అరుగు మీద కూర్చున్న నల్లజాతి ముసలావిడ, తన గోడ మీద నీటిచార చూపించి చెయ్యెత్తిందట, ఇంత ఎత్తని. మా పిన్నత్తగారు 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన నాటికి అవనిగడ్డ దగ్గర పల్లెలో కొత్తగా చేరిన పంతులమ్మ. తాటిచెట్టెక్కినవాళ్ళు బతికారని, తన తరగతిలో పిల్లల్ని పేర్లు పిలుస్తుంటే పలికేవాళ్ళు లేరని తన బడి ఇంగ్లీషులో చెప్పింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. రాయకుండా వదిలిన మూడు రోజుల్లో రెండు అక్కడే అయిపోయాయి. ఏం మాట్లాడుకునేవారని అడిగితే, “పెద్దగా ఏం లేదే, చిక్కుళ్ళు ఒలిచాం” అంది.

ఆ రెండు రోజులూ పదిహేడు ఊళ్ళ కాగితంలో ఎక్కడ పట్టేవో చూపించండి!

దసరా వెళ్ళాక సాల్ట్ లేక్ కూడా చూసింది. అక్కడ తన శిష్యురాలే ఒకర్తె కాపురముంది. వెనకటి మహా సరస్సు ఎండిపోగా మిగిలిన గుంట అది, నీళ్ళు లోపలికి వస్తాయే గాని బయటికి పోయే దారి లేదు, అందుకే ఉప్పు. ముప్ఫై ఏళ్ళు నోటితో చెప్పిన ఉప్పుని నాలిక మీద వేసుకుని చూసింది. వాసనగా ఉందిట, ఈగలట. అయినా ఒడ్డున పొద్దుపోయేదాకా కూర్చుంది. 2022లో ఆ సరస్సు మునుపెన్నడూ లేనంత దిగువకు ఎండిపోయిందని తెలిసినప్పుడు, “నేను చూసిన నీళ్ళు అవి” అనుకునే భాగ్యం ఆవిడకుంది.

ఇంత డబ్బు పోసి అయిదు ఊళ్ళేనా అని ఇప్పటికీ చుట్టాల్లో ఒకరిద్దరు నొసలు చిట్లిస్తారు. అదే డబ్బుతో ఒక పట్టుచీర కొని బీరువాలో పెట్టి ఏడాదికొక్కసారి కట్టుకుంటే ఎవరూ భాగహారం చెయ్యరే! ఆడది ఊరు కదిలితేనే ఎందుకో లెక్కలు కావాలి.

అలాగని ఏ పాసు పడితే అది కొనమనడం లేదు. ఈ మధ్య పాసులు వేరే రకంగా తయారయ్యాయి. ఫ్రాంటియర్ కంపెనీ 2022లో ప్రకటించిన పాసుకి పద్ధతేమిటంటే, అమెరికా లోపలి ఊళ్ళకైతే రేపటి విమానానికి ఇవాళే రాయించుకోవాలి. సీటుంటే ఉంది, లేకపోతే లేదు. వెళ్ళినచోటినుంచి తిరిగి ఎప్పుడొస్తామో దేవుడికెరుక. పండగ రోజుల్లో చెల్లదు. పాసు ధర గాక ఎక్కినప్పుడల్లా పన్నులు వేరే. ఇవాళ అనుకుని రేపు బయల్దేరగలిగేవాళ్ళెవరు? పాలవాడికి చెప్పక్కర్లేనివాళ్ళు, పనమ్మాయిని బతిమాలక్కర్లేనివాళ్ళు, దోసెల పిండి రుబ్బి పెట్టక్కర్లేనివాళ్ళు. మూడు రోజుల గడువైతే మనం సర్దుకోగలం, ఇల్లు దాటేలోగా వారానికి సరిపడా పొడులు కొట్టి పెట్టగలం. ఒక్క రోజు గడువంటే మనల్ని గుమ్మంలోనే ఆపేసినట్టు. పాసులు కొనేముందు ధర కంటే ఈ గడువు చూడాలని నా మనవి.

మన దేశంలో సంగతి అంటారా, ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారూ ‘డిస్కవర్ ఇండియా’ అని 21 రోజుల పాసు అమ్మేవారు. దేశమంతా తిరగొచ్చు, దారిలో విమానం మారడానికి తప్ప ఒక ఊరికి రెండోసారి పోకూడదు. కొనాలంటే విదేశీయులో, విదేశాల్లో ఉండే మనవాళ్ళో అయి ఉండాలి, డాలర్లలో కట్టాలి. భారతదేశాన్ని కనుక్కోవలసిన అవసరం భారతదేశంలో కాపురం చేసే ఇల్లాలికి లేదని వాళ్ళ ఉద్దేశం కాబోలు!

రైల్వేవారు నయం. చుట్టుప్రయాణం టికెట్టు అని ఒకటుంది, సర్క్యులర్ జర్నీ అంటారు. బయల్దేరిన స్టేషనుకే తిరిగి రావాలి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది గనక విడివిడి టికెట్ల కంటే చవక. ఏ దారిన వెళతారో, ఎక్కడెక్కడ ఆగుతారో ముందే రాసివ్వాలి. బెర్తులు మాత్రం ప్రతి మజిలీకీ విడిగా రిజర్వు చేయించుకోవాలి, అది మర్చిపోకండి. దారిలో ఎనిమిది చోట్ల దాకా దిగొచ్చు. ఎనిమిది అన్నారు గదా అని ఎనిమిదీ రాసెయ్యకండి. నాలుగే రాశారేమని రైల్వేవారు అడగరు. అడిగేది మీ వారే.