పెట్టెలో పెట్టిన రంగులు

సెలవులు దగ్గరపడుతున్నాయంటే పిల్లల్ని ఎక్కడికి తీసుకువెళ్లాలన్న ఆలోచన ప్రతి ఇంట్లోనూ మొదలవుతుంది. హైదరాబాదు వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాలని ఉబలాటపడతాం. తప్పేమీ లేదు. కాని మన ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న చిన్న చిత్రశాల గుమ్మం మనలో ఎంతమంది తొక్కి ఉంటాం? ఈ నెల అటువంటి ఒక చోటు గురించీ, అది మా నాన్నగారిని జీవితాంతం పట్టి ఉంచిన తీరు గురించీ చెప్పాలనిపించింది. చెబితే నా తప్పు ఒకటి కూడా బయటపడుతుంది. పడనివ్వండి.

మాది కొవ్వూరు. నాన్నగారు ఆఫీసులో గుమాస్తా. బొమ్మలు వేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. కేలెండర్లు చూసి వేసేవారు. ఆ రోజుల్లో కేలెండర్ల మీద మంచుకొండలు, కొయ్య ఇళ్లు, అద్దం లాంటి సరస్సులు ఉండేవి గదా! మంచు అనేది కంటితో చూడని మనిషి, మే నెల ఉక్కలో చెమట తుడుచుకుంటూ మంచుకొండలు వేస్తుంటే మా అమ్మ నవ్వేది. ఇరుగుపొరుగు మాత్రం "అచ్చం కేలెండరులాగే ఉంది" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పుతో ఆయనకూ సరిపోయేది.

1960ల్లో ఒకసారి ఆఫీసు పని మీద రాజమండ్రి వెళ్లి, తిరుగు రైలుకు ఇంకా వేళ ఉండడంతో గోదావరి గట్టు వైపు నడిచి, దామెర్ల రామారావు చిత్రశాలలోకి వెళ్లారట. ఎండ తప్పించుకోవడానికే వెళ్లానని తరువాత చెప్పేవారు. లోపల గోడ మీద గోదావరి ఉంది. తూర్పు కనుమల మధ్య పారుతున్న గోదావరి. మన కొండలు, మన నీళ్లు, మన ఆకాశం. మరో గోడ మీద పూలు సింగారించుకుంటున్న ఆడవాళ్లు. వాళ్ల ఒళ్లు కేలెండరు గులాబి రంగు కాదు, మన ఇళ్లలో కనిపించే చామనఛాయ. మా నాన్నగారు ఆ సాయంత్రం రైలు తప్పిపోయి రాత్రి బండికి ఇల్లు చేరారు.

రామారావుగారి కథ కొందరికి తెలిసే ఉంటుంది. 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. చిన్నతనం నుంచీ చదువు కంటే బొమ్మల మీదే ధ్యాస. రాజమండ్రి కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ఆ కుర్రవాడి చేతిలోని పనితనాన్ని గుర్తించి చేరదీశాడు. అడివి బాపిరాజుగారు కూడా ఆ దొర శిష్యులే. తెల్లదొరల పాలనలో ప్రిన్సిపాలు ఉద్యోగం చేస్తూ, ఒక తెలుగు కుర్రవాడి బొమ్మలు చూసి ఇతన్ని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపాలని తలచిన మనిషిని మెచ్చుకోకుండా ఉండలేను. 1916లో బొంబాయి వెళ్లిన రామారావుగారు 1920లో చదువు ముగించుకుని వచ్చారు. పెద్ద నగరంలో స్థిరపడిపోకుండా సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టి, పిల్లలకు నేర్పుతూ, తాను వేసుకుంటూ ఉన్నారు. "సిద్ధార్థ రాగోదయం", "పుష్పాలంకరణ", "నంది పూజ" వంటివి ఆ కొద్ది కాలంలో వేసినవే. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి చనిపోయారు. అప్పటికి ఇరవై ఎనిమిదో యేడు కూడా నిండలేదు. తరువాత ఆ బడినీ బొమ్మలనూ కాపాడుకొచ్చినవారు ఆయన మిత్రులు వరదా వెంకటరత్నంగారు. ఒక మనిషి పోయాక అతని పని నిలవాలంటే ఇంకొక మనిషి ఎంత కష్టపడాలో ఆ గోడలు చూస్తే తెలుస్తుంది.

ఆ మొదటి రోజు తరువాత మా ఇంట్లో మంచుకొండలు ఆగిపోయాయి. నాన్నగారు నెలకొకసారి హేవలాక్ వంతెన మీద రైలెక్కి గోదావరి దాటేవారు. వెళ్లిన ప్రతిసారీ ఒక్క బొమ్మ ముందే నిలబడేవారట. అన్నీ చూస్తే ఒక్కటీ చూసినట్టు కాదనేవారు. అక్కడ కూర్చుని నకలు తీసేవారు కాదు. చూసి, ఇంటికి వచ్చి, మా రేవునే వేసేవారు. బట్టలు ఉతికే రాయి, పడవ తాడు, తడిసిన గట్టు. నీటిరంగుల్లో తెలుపు కొనక్కరలేదని, వెలుగు ఎక్కడ కావాలో అక్కడ కాగితాన్ని వదిలేస్తే చాలని ఆయనకు ఆ గోడల ముందే తెలిసిందట. తెల్లరంగు డబ్బా ఖర్చు తగ్గిందని అమ్మ సంతోషించింది. కాగితం వదిలేయడం రంగు వేయడం కంటే కష్టమని నాన్నగారు అనేవారు. వేసిన పది బొమ్మల్లో తొమ్మిది చింపేసేవారు కూడా.

ఇక నా సంగతి. 1977లో మా అక్క పెళ్లి కుదిరింది. ఇంట్లో డబ్బుకు కటకట. నా డిగ్రీ ఫీజు కట్టవలసిన రోజు దాటిపోయింది. ఆ వారంలోనే నాన్నగారు రెండు కుంచెలు కొని తెచ్చారు. అందరి ముందూ నేను, "ఈ బొమ్మలు మనకు ఏం తెచ్చిపెట్టాయి నాన్నగారూ? ఎవరైనా రూపాయి ఇచ్చి కొన్నారా?" అని అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు రంగులు, కుంచెలు, కాగితాలు అన్నీ రేకు పెట్టెలో సర్ది మంచం కింద తోసేశారు. ఒక అట్ట మీద వేసిన రేవు బొమ్మ మిగిలిపోతే అమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద మూతగా వాడుకుంది. రాజమండ్రి ప్రయాణాలూ ఆగిపోయాయి. నా ఫీజు కట్టారు, అక్క పెళ్లి చేశారు. ఆ పెట్టె గురించి ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. నేను గెలిచాననే అనుకున్నాను కాబోలు.

1988లో ఆయన రిటైరయ్యారు. ఒక ఉదయం, "ఒరేయ్ అబ్బాయ్, రాజమండ్రి దాకా వస్తావా?" అన్నారు. ఆసుపత్రికేమో అనుకుని వెళ్లాను. నన్ను గట్టు దారిన చిత్రశాలకు తీసుకువెళ్లారు. పదకొండేళ్ల తరువాత వచ్చినా ఏ బొమ్మ ఏ గోడ మీద ఉండేదో ఆయనకు గుర్తుంది. గోదావరి బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, నా వైపు చూడకుండానే అన్నారు: "బొంబాయి నుంచి వచ్చాక ఈయనకు దొరికింది అయిదేళ్లు కూడా కాదురా. నేను పదకొండేళ్లు పెట్టెలో పెట్టుకు కూర్చున్నాను."

నన్ను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే తేలికగా ఉండేది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. వచ్చే దారిలో ఒక దుకాణం దగ్గర ఆగి, "కుంచెలు కొందామా?" అన్నాను. ఆయన రెండు వేళ్లు చూపించారు. రెండే కొన్నాం.

ఆ తరువాత పదిహేనేళ్లు, 2003లో కన్నుమూసే దాకా, ఆయన వేస్తూనే ఉన్నారు. ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు, ఆయన అమ్మాలనుకోలేదు. నిజం చెప్పాలంటే అందులో గొప్పవి ఏమీ లేవు. మనుషుల చేతులు ఆయనకు చివరిదాకా కుదరలేదు, అందుకే చేతులు కొంగు చాటునో బుట్ట వెనకో దాచేసేవారు. నీళ్లు మాత్రం కుదిరాయి. 1997లో హేవలాక్ వంతెన మీద రైళ్లు ఆగిపోయినప్పుడు చాలా నొచ్చుకున్నారు. ఆ వంతెనను, పట్టాల మీద ఏ బండీ లేకుండా, కొవ్వూరు వైపు నుంచి వేశారు. అది ఇప్పుడు విజయవాడలో మా ముందు గదిలో ఉంది. బియ్యం డబ్బా మీది అట్ట కూడా దొరికింది. దాని మీద గుండ్రటి మరక అలాగే ఉంది. దానికీ పటం కట్టించాను.

వంతెన బొమ్మలో కింద ఒక మూల రంగు లేకుండా తెల్లగా ఉంటుంది. ఓపిక లేక వదిలేశారని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను, వచ్చినవాళ్లకూ అలాగే చెప్పాను. మా మనవరాలికి పదేళ్లు, ఎప్పుడూ ఏదో గీస్తూ ఉంటుంది. మొన్న పటం ముందు నిలబడి, "అది వదిలేసింది కాదు తాతయ్యా, నీళ్ల మీద ఎండ" అంది.

రామారావుగారు పోయి 2025 ఫిబ్రవరికి నూరేళ్లు నిండాయి. ఈ సెలవుల్లో పిల్లను రాజమండ్రి తీసుకువెళుతున్నాను. టిక్కెట్లు కూడా తీసుకున్నాను.