పునరుద్ధరణమా, పునర్నిర్మాణమా?

"ఇంగ్లండులో తయారైన పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పూర్తిగా పునరుద్ధరింపబడినది, అమ్మకమునకు కలదు" అను తీరు ప్రకటనలయందు బండి పేరును, తయారైన సంవత్సరమును, రంగును స్పష్టముగనే యుండును. చూడబోయినవాని కంటికి మొదట తగులునది ఎర్రని రంగో, తళతళలాడు దీపములో, తోలు సీట్లో యగును. కాని బేరమంతయు నిలిచియున్నది ఆ నడిమి మాటమీదనే. పునరుద్ధరింపబడినదనగా నేమి చేయబడినట్లు? ఉన్నదానిని నిలిపిరా? పోయినదానికి మారు పెట్టిరా? లేక పేరుబిళ్ల నొక్కదానిని మిగిల్చి తక్కిన బండినంతయు క్రొత్తగా కట్టిరా? మూడింటికిని వాడుకలో నిదే మాట చెల్లుచున్నది. లక్షల రూపాయలు చేతులు మారు చోట ఇంత మసక మాట చెల్లుట మంచిది కాదు.

ఈ జాతి బండ్లలో మన దేశమున బాగుగ పేరు వినబడినది ఎం.జి. ఆ రెండక్షరములు 'మోరిస్ గారేజెస్' అను పేరునకు పొట్టి రూపము. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్‌కు చెందిన విక్రయశాల యది. దాని మేనేజరైన సెసిల్ కింబర్ 1920ల దశకమున, మోరిస్ కంపెనీవారి సామాన్యపు కార్ల చట్రములపై తేలికయైన బాడీలు కట్టించి అమ్ముటతో నీ వంశ మారంభమైనది. 1929 నుండి 1980 వరకు అబింగ్డన్ పట్టణమున వీని ఫ్యాక్టరీ సాగినది. యుద్ధము ముగిసిన 1945లో వెలువడిన టి.సి. రకము, 1949లో నిలిచిపోవు నాటికి సుమారు పదివేలు తయారైనది. 1250 సి.సి. ఇంజను, రెండు ఎస్.యు. కార్బురేటర్లు, సన్నని చువ్వల పెద్ద చక్రములు, మోచేయి బయట పెట్టుకొనుటకు వీలుగా పల్లముగ కోసిన తలుపులు. దాని సంపద యింతే. వేగమున నేటి చిన్న కారునకును అది లొంగిపోవును. వాన వచ్చినచో గుడ్డ పైకప్పు లాగుకొనవలెను. అయినను అందులో యంత్రము మనిషికి కనబడును. ఏ భాగమేమి చేయుచున్నదో బానెట్టు లేపినవాడు కన్నులతోనే గ్రహింపగలడు. నేటి బండిలో నా భాగ్యము లేదు.

స్వాతంత్ర్యానంతరము విదేశీ కార్ల దిగుమతిపై కట్టుబాట్లు బిగియుటచే ఇట్టి బండ్లు మనకు కొద్దిగానే వచ్చినవి. వీని చుట్టములు మాత్రము మన వీధులలోనే తిరిగినవి. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణియే కలకత్తా చెంత ఉత్తరపారాలో అంబాసిడరై 2014 వరకు తయారైనది. అంబాసిడరునకు చిరకాలము ప్రాణమై నిలిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనును, 1955లో వెలువడిన ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కారు తొలి ఇంజనును 'బి శ్రేణి' యను నొకే కుటుంబమునకు చెందినవి. మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డునకు ఇంగ్లండులోని మూలమైన ట్రయంఫ్ హెరాల్డు చట్రమును మార్చి కుదించియే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల బండిని నిలిపిరి. అందుచే సర్కారు అంబాసిడర్లను, టాక్సీలను బాగుచేసి చేయి పండిన మేస్త్రీ, ఎన్నడును చూడని ఇంగ్లీషు బండి బానెట్టు క్రింద తెలిసిన ముఖమునే చూచును. ఇది మన మెకానిక్కుల అదృష్టము. ప్రమాదమును ఇందే పొంచియున్నది. అంబాసిడరు ఇంజను చేతికందుచుండగా, పాడైన ఎం.జి. ఇంజనును ఓపికతో బోరు చేయించి, క్రాంకు సానపట్టించుట యేల? ఎత్తి మార్చినచో బండి నడచును. నడచుచున్నది ఆ బండియేనా అను ప్రశ్న మాత్రము మిగులును.

ఇట్టి బండి ఖమ్మము నుండి వైరా మీదుగా వచ్చి తల్లాడ కూడలిలో ఆగినదనుకొందము. అచ్చట దారి చీలును. ఒకటి సత్తుపల్లి, అశ్వారావుపేటల వైపు పోవును. మరియొకటి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెమునకు, భద్రాచలమునకు పోవును. బొగ్గు లారీలు, సారపాక కాగితపు మిల్లునకు జామాయిలు కర్ర మోయు బండ్లు, భద్రాద్రి యాత్రికుల బస్సులు తిరుగు ఆ దారిలో నడుమెత్తైనను లేని ఈ కారు చుట్టు జనము మూగుట ఖాయము. మెకానిక్కు ఇంజను చూపుమనును. పిల్లలు హారన్ మ్రోగింపుమందురు. వడ్రంగి మాత్రము తలుపుమీద వ్రేలి కణుపుతో కొట్టి చెవి యొగ్గును. అతని పరీక్షయే మేలైనది. ఏలయన టి.సి. వంటి బండికి రేకు పై చర్మము మాత్రమే. దానిలోని ఎముకల గూడు కర్ర.

ఆ కర్ర యాష్ అను సీమ చెట్టుది. క్రికెట్ ఆటలోని వికెట్లను, పనిముట్ల పిడులను దానితో చేయుదురు. దెబ్బకు చటుక్కున విరుగదు. ఆవిరి పట్టించినచో చక్కగా వంపు తిరుగును. చెమ్మకును చెదకును మాత్రము తాళలేదు. షెడ్డు మూల ఏండ్ల తరబడి పడియున్న బండిలో, రేకు నిలిచియుండగనే లోని కర్ర పొట్టుగా రాలుట వింత కాదు. అడవి అంచున పని నేర్చిన వడ్రంగి అప్పుడేమి చేయును? చేవగల టేకు వేయును. చెద దానిని సులభముగా ముట్టదు. వానకు అంతగా ఉబ్బదు. చేతికి తెలిసిన కర్ర. మన వాతావరణమునకది తెలివైన పనియే. ఆ ఇంగ్లీషు వడ్రంగి ఖమ్మము జిల్లాలో పుట్టియున్నచో అతడును టేకునే పట్టియుండును! మార్చక తప్పనివి మరికొన్ని కలవు. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. పాత రబ్బరు గొట్టములు, కార్బురేటరులోని పాత సీళ్లు దానికి నిలువవు. వానిని మార్చినవానిని ఎవరును తప్పుపట్టరు. టేకు వేసి, దానిపై రేకు కప్పి, 'అసలు బాడీ' యని వ్రాసినవానిని తప్పుపట్టవలసియున్నది.

సాహిత్యము చదువువారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. చెదలు తిన్న తాళపత్ర ప్రతిని పరిష్కరించు పండితునకు రెండు దారులుండును. శిథిలమైన చోట చుక్కలు పెట్టి వదలుట ఒకటి. తన కవిత్వముతో పూరించుట మరియొకటి. కుండలీకరణములలో నుంచినంతవరకు ఆ పూరణము నేరము కాదు. గుర్తులు తుడిచివేసినచో, కొన్ని తరములకు పాఠకుడు పరిష్కర్త పద్యమును కవి పద్యముగా వల్లించును. బ్రౌను దొర పండితులను నియోగించి ప్రతికి ప్రతిని ఒరసి చూపించినది ఈ భయముచేతనే. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పి 2024లో తిరిగి నిలిపిరి. అచ్చటను పాత రాయి యేది, క్రొత్త రాయి యేది యని అడుగు హక్కు చూచువానికి కలదు. కారు గుడియు కాదు, కావ్యమును కాదు. పోలికను ఇంతకంటె లాగినచో నవ్వు వచ్చును.

అయితే చట్టము కూడ ఇదే ప్రశ్న నడుగుచున్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన స్వంతపు కార్లును, ద్విచక్ర వాహనములును వింటేజి వాహనములుగా నమోదు కావచ్చును. చట్రము, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరిగియుండరాదు. క్రొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లును. మరల నమోదుకు 5,000. నంబరులో 'వి.ఏ.' అను నక్షరములుండును. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు రోడ్డెక్కవచ్చును. నిత్యపు రాకపోకలకు వాడరాదు. అనగా ఆ నంబరు గల బండిలో తల్లాడ నుండి దినదినము వైరా పోయివచ్చుట కుదరదు. కొనువాడు ప్రయాణ సాధనముకంటె నొక చరిత్ర సాక్ష్యమును కొనుచున్నాడు. ఇంజను మార్చిన సంగతి తెలియక రంగు చూచి డబ్బిచ్చినవాడు, నమోదు కాగితము దగ్గర చిక్కుకొనును.

ఇంకొక అన్యాయము కలదు. ప్రకటనలో ఇంగ్లండు ఫ్యాక్టరీ పేరుండును. విజయవాడ ఆటోనగరులోనో, ఖమ్మములోని ఏ రేకుల షెడ్డులోనో సుత్తితో రేకును సాగగొట్టి రెక్కకు వంపు తెచ్చిన టింకరింగు మేస్త్రీ పేరుండదు. ఫ్యాక్టరీ విడిచిన నాటి బండికిని నేడు అమ్మకమునకు నిలిచిన బండికిని నడుమ నున్నది అతని చేతి పనియే. అంబాసిడరు నిలిచిపోయినది, కార్బురేటరు విప్పి చెవితో సరిచేయు విద్యను క్రొత్త కుర్రవాండ్రు నేర్వవలసిన అవసరము తగ్గినది. ఆ పని చేయగలవారు ముసలివారగుచున్నారు. వారేమి చేసిరో వ్రాసియుంచనిచో, రేపు ఆ బండి మరల చెడినప్పుడు విప్పువానికి దారి తెలియదు.

కావున అమ్మువాడు బండితో కూడ ఒక నోటు పుస్తకము నీయవలెను. విప్పినప్పుడు ఏమి దొరికినది, ఏది పారవేయబడినది, ఇంజను నంబరు ఫ్యాక్టరీ నాటిదేనా, లోన ఏ కర్ర వేసిరి, ఎవరు చేసిరి అను సంగతులు అందులో నుండవలెను. ప్రతి దశలోను ఫోటో తీయుటకు చేతిలోని ఫోను చాలును. పుస్తకము లేదనినచో, సీటు తీయించి, క్రింది చాప ఎత్తించి, కర్రను గోటితో గీచి చూచుటకు ఒప్పుకొందురా యని కొనువాడు ధర మాట యెత్తకముందే అడుగవలెను.